అనుభవం లేని రెజ్యూమేకు ఏది బలం: సర్టిఫికెట్టా, ఇంటర్న్‌షిప్పా, అప్రెంటిస్‌షిప్పా?

డిగ్రీ చేతికొచ్చాక రెజ్యూమే రాయడానికి కూర్చుంటే చదువు వివరాలతో అర పేజీ నిండుతుంది. చిక్కంతా మిగతా అర పేజీతోనే. దాన్ని నింపడానికి కొందరు కెరీర్ ఆబ్జెక్టివ్‌ను నాలుగు లైన్లకు సాగదీసి, హాబీలు, తండ్రి పేరు, చివర ఒక డిక్లరేషన్ తగిలిస్తారు. ఇంకొందరు విశాఖ ద్వారకానగర్‌లో ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి, అప్పటికి ఏ కోర్సుకు గిరాకీ ఉందంటే దానికి డబ్బు కట్టేస్తారు. రెండింటివల్లా పేజీ నిండుతుందే గానీ ఇంటర్వ్యూకి పిలుపు రాదు.

విశాఖలో ఫ్రెషర్ ముందు నిజంగా ఉన్న దారులు ఐదు. కాలేజీలో, ఇంట్లో ఇప్పటికే చేసిన పనిని సరిగ్గా రాయడం, ఇంటర్న్‌షిప్, కోర్సు సర్టిఫికెట్, ఏడాది అప్రెంటిస్‌షిప్, దొరికిన చిన్న ఉద్యోగంలో చేరడం. కన్సల్టెన్సీలు అమ్మే ఆరో దారి కూడా ఒకటుంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు కొలతలు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రుజువు. మీరు రాసిన లైను నిజమో కాదో కంపెనీ ఎవరినైనా అడిగి తెలుసుకోగలదా? ఆ తర్వాత, ఆ లైను మీద ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడగలరా? ఈ రెండిట్లో ఏది లేకపోయినా ఆ లైను పేజీ మీద దండగే.

అడుగుతున్న ఉద్యోగానికి దాంతో ఉన్న సంబంధం, పట్టే కాలం, అయ్యే ఖర్చు వీటి తర్వాతే. చాలామంది ఖర్చుతో మొదలుపెట్టి రుజువు దగ్గరికి రాకముందే నిర్ణయం తీసేసుకుంటారు.

1. చేతిలో ఉన్నదాన్నే సరిగ్గా రాయడం

ఖర్చు లేనిది, రెండు రోజుల్లో అయ్యేది, అందరూ చిన్నచూపు చూసేది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 తర్వాత డిగ్రీలో చేరినవాళ్లందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, ఇంటర్న్‌షిప్ పాఠ్యక్రమంలో భాగం. ఆ సర్వీస్ ప్రాజెక్టుకు కనీసం 180 గంటలు, లాగ్‌బుక్, రిపోర్టు ఉంటాయి. అంటే సంతకాలతో సహా రుజువు మీ అల్మరాలోనే ఉంది. అయినా రెజ్యూమేలో అది కనిపించదు, కనిపించినా ఇలా ఉంటుంది:

*కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ విజయవంతంగా పూర్తి చేశాను.*

అదే పనిని ఇలా రాయవచ్చు (రెజ్యూమే ఇంగ్లీషులోనే ఉంటుంది, ఇక్కడ భావం మాత్రం ఇస్తున్నాం):

*పెందుర్తి మండలంలోని ఒక గ్రామంలో 80 ఇళ్లలో తాగునీటిపై 15 ప్రశ్నల సర్వే. జవాబులు ఎక్సెల్‌లో ఎక్కించి, పివట్ టేబుల్‌తో వీధులవారీగా లెక్క. ఫలితాలు గ్రామ సచివాలయంలో సమర్పణ.*

ఇందులో నాలుగు ముక్కలున్నాయి: ఏం చేశారు, దేనితో చేశారు, ఎంత చేశారు, చివరికి ఏమైంది. ఏ పనినైనా ఈ నాలుగింటితో రాస్తే లైను నిలబడుతుంది. అంకె మాత్రం లాగ్‌బుక్‌లో ఉన్నదే అయి ఉండాలి. ‘సామర్థ్యం 30 శాతం పెంచాను’ లాంటివి చాట్‌జీపీటీ ఉదారంగా రాసిస్తుంది. దేనిలో 30 శాతం, ఎలా కొలిచారు అని హెచ్‌ఆర్ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. పైగా అదే వాక్యం ఆ రోజు వచ్చిన సగం రెజ్యూమేల్లో ఉంటుంది.

ల్యాబ్ పని కూడా ఇలాగే. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి పరవాడ, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్లో క్యూసీ (నాణ్యత పరీక్ష) ఉద్యోగానికి వెళ్లేవాళ్లు స్వయంగా చేసినవీ డెమో మాత్రమే చూసినవీ వేరు చేసి రాయాలి. టైట్రేషన్, పీహెచ్ మీటర్, యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ మీద చేయి పడి ఉంటే ధైర్యంగా రాయండి. హెచ్‌పీఎల్‌సీ (ద్రవ నమూనాలోని పదార్థాలను వేరు చేసి కొలిచే మెషిన్) పక్కన నిలబడి చూసి ఉంటే ‘అవగాహన’ అని రాయండి. చేసినట్టు రాస్తే మొదటి ప్రశ్న మొబైల్ ఫేజ్‌ను (అందులో పారే ద్రావణిని) ఎందుకు డీగ్యాస్ చేస్తారన్నదే, అంటే అందులో కరిగిన గాలిని ఎందుకు తీసేస్తారన్నదే కావచ్చు. బుడగలు పంపులో చేరితే ప్రెషర్ ఊగిసలాడుతుందని, బేస్‌లైన్ నిలకడగా రాదని మెషిన్ నడిపినవాళ్లు తడుముకోకుండా చెబుతారు.

ఇంటి వ్యాపారంలో చేసిన పనిని దాచుకునేవాళ్లు ఇక్కడ చాలామందే. పూర్ణా మార్కెట్ దగ్గర హోల్‌సేల్ షాపులో రెండేళ్లు సాయంత్రాలు కూర్చున్న బీకాం విద్యార్థి ‘అనుభవం లేదు’ అని రాస్తాడు. ‘కుటుంబ హోల్‌సేల్ షాపులో వారానికి 12 గంటలు, రెండేళ్లు: కొనుగోలు బిల్లుల ఎంట్రీ, టాలీ ప్రైమ్‌లో స్టాక్ సరిచూడటం, నెలాఖరున బాకీల జాబితా’ అని రాస్తే అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టుకు అది చాలా కోర్సులకన్నా బరువైన లైను. రిఫరెన్సుగా నాన్నగారి పేరు పనికిరాదు. షాపు లెక్కలు చూసే ఆడిటర్ ఒప్పుకుంటే ఆయన పేరు ఇవ్వండి.

ఈ దారికున్న పరిమితి ఒక్కటే. కాలేజీలో లాగ్‌బుక్ ఎవరిదో చూసి నింపేసినవాళ్లకు ఇందులో దక్కేదేమీ ఉండదు.

2. ఇంటర్న్‌షిప్

ఈ పేరుతో బయట మూడు రకాల సరుకు దొరుకుతోంది. మొదటిది ఒక సంస్థలో కూర్చుని ఒకరి కింద పని చేయడం. రెండోది ఇంట్లో వీడియోలు చూసి క్విజ్ రాస్తే వచ్చే ‘వర్చువల్’ సర్టిఫికెట్. మూడోది మీ దగ్గరే కొన్ని వేలు తీసుకుని ఇచ్చేది. డబ్బు మీరు కడుతున్నారంటే అది కోర్సు. దాన్ని రెజ్యూమేలో ‘శిక్షణ’ కింద పెట్టండి, ‘అనుభవం’ కింద పెడితే మొదటి ప్రశ్నలోనే తేలిపోతుంది.

అసలైనదో కాదో చేరకముందే తెలుసుకోవచ్చు. ఆఫర్ లెటర్ మీద తేదీలు, చేయాల్సిన పని, పైన చూసే వ్యక్తి పేరు ఉన్నాయా? మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా, జీమెయిల్ నుంచా? చిన్న సంస్థలకు జీమెయిలే ఉండొచ్చు, అలాంటప్పుడు ఆఫీసుకు వెళ్లి చూసి రండి.

పెద్ద పేరు కోసం ఎదురుచూడటంకన్నా చిన్న చోట ఆరు వారాలు నిజంగా పని చేయడం మేలు. ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్, సొంతంగా సాఫ్ట్‌వేర్ చేసే పదిమంది ఆఫీసు, ఊళ్లోని ఆడిటర్ ఆఫీసు, ఇవేవీ ప్రకటనలు ఇవ్వవు. వెళ్లి అడగాలి, సమయం చూసుకుని అడగాలి. ఆడిటర్ ఆఫీసుల్లో ఆదాయపు పన్ను రిటర్నుల గడువు మామూలుగా జూలై 31 కాబట్టి జూన్ మొదటి వారంలో అదనపు చేతులు కావాలి. ఆగస్టులో వెళ్తే ‘చూద్దాం’ అంటారు. అక్కడ రెండు నెలలు కూర్చుంటే ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్నుల గడువుల ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కావాల్సింది అదే.

వెళ్లేటప్పుడే ముగింపు లెటర్ గురించి మాట్లాడుకోండి. పని అయిపోయి మూడు నెలలయ్యాక అడిగితే, మిమ్మల్ని చూసుకున్న వ్యక్తే అక్కడ ఉండకపోవచ్చు.

3. కోర్సు సర్టిఫికెట్

సర్టిఫికెట్లన్నీ ఒక్కటి కావు. తేడా పరీక్షలో ఉంది. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ వేదిక) కోర్సులు 4, 8, 12 వారాలవి. చేరడం, చదవడం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు, అది వెయ్యి రూపాయల స్థాయిలో ఉంటుంది. పరీక్షా కేంద్రానికి వెళ్లి నిఘాలో రాయాలి. మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 60 దాటితే ఎలీట్, 75 దాటితే దానికి సిల్వర్, 90 దాటితే గోల్డ్. అందుకే 78 మార్కుల ఒక ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్, హాజరు చూసి ఇచ్చిన ఐదు సర్టిఫికెట్లకన్నా ఎక్కువ మాట్లాడుతుంది. చిక్కేమిటంటే కోర్సులు సాధారణంగా జనవరిలో, జూలైలో మొదలవుతాయి. గడువు తప్పితే మళ్లీ సెమిస్టర్ దాకా ఆగాలి.

కోచింగ్ సెంటర్ కోర్సు వేరే లెక్క. అక్కడి కాగితానికి విలువ తక్కువ, నేర్చుకున్నదానికి విలువ ఉండొచ్చు. టాలీ నేర్చుకున్నవాళ్లు సర్టిఫికెట్ పేరు రాసి ఊరుకోకుండా, ఒక ఊహా కంపెనీకి మూడు నెలల లెక్కలు సొంతంగా వేసి, ట్రయల్ బ్యాలెన్స్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోవచ్చు. పైథాన్ నేర్చుకున్నవాళ్లకు గిట్‌హబ్‌లో నడిచే ప్రాజెక్టు ఒక్కటి చాలు, దాన్ని ఎలా నడపాలో రాసిన రీడ్‌మీతో సహా. యూట్యూబ్ చూసి దించిన ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అందరి దగ్గరా ఉంది. దాన్నే మీ కాలనీ వాటర్ ట్యాంకర్ల బుకింగ్‌కు మార్చి రాసినా, మార్చినప్పుడు ఎక్కడ చిక్కు వచ్చిందో చెప్పడానికి మీ దగ్గర మాట ఉంటుంది.

ఆరేడు సర్టిఫికెట్ల జాబితా చూస్తే, ఈ అభ్యర్థికి ఏ ఉద్యోగం కావాలో తనకే తెలియదనిపిస్తుంది. పోస్టుకు సంబంధించినవి రెండు ఉంచి మిగతావి తీసేయండి.

4. అప్రెంటిస్‌షిప్

ఏడాది ఇవ్వగలిగితే మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ లాంటి కోర్ బ్రాంచీల వాళ్లకు, డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఐదింటిలో ఇదే బలమైనది. విశాఖకు ఈ విషయంలో ఉన్నంత అనుకూలత చాలా నగరాలకు లేదు. స్టీల్‌ప్లాంట్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, బీహెచ్ఈఎల్ యూనిట్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, నావల్ డాక్‌యార్డ్ అన్నీ అప్రెంటిస్‌లను తీసుకునేవే.

డిగ్రీ, డిప్లొమా వాళ్లు ఎన్ఏటీఎస్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్లో, ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో నమోదు చేసుకోవాలి. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ నెలకు గ్రాడ్యుయేట్లకు 9,000, డిప్లొమాకు 8,000 రూపాయలు. సంస్థ అంతకన్నా ఎక్కువ ఇవ్వవచ్చు, తాజా మొత్తం నోటిఫికేషన్లో చూసుకోండి. ఐటీఐ వాళ్లు శిక్షణ తర్వాత ట్రేడ్ టెస్ట్ పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

మూడు మెలికలు తెలిసి చేరాలి. ఒకటి, అది ఉద్యోగం కాదు. పీఎఫ్ ఉండదు, ఏడాది తర్వాత అక్కడే ఉంచుకుంటారన్న హామీ ఉండదు. రెండు, అప్రెంటిస్ కాలాన్ని అనుభవంగా లెక్కించబోమని రాసే నోటిఫికేషన్లు ఉన్నాయి. ప్రైవేటు కంపెనీలు మాత్రం సాధారణంగా దాన్ని బాగానే చూస్తాయి. మూడోదే అసలైనది: డిగ్రీ లేదా డిప్లొమా అయ్యాక ఏడాది, ఆపైన ఉద్యోగ అనుభవం ఉంటే ఎన్ఏటీఎస్‌కు అర్హత పోతుంది. పాసైన సంవత్సరానికి కూడా పరిమితి పెడతారు. ‘ముందు ఏదో ఉద్యోగం చేద్దాం, తర్వాత స్టీల్‌ప్లాంట్ అప్రెంటిస్ చూద్దాం’ అనుకుంటే ఆ వరుస కుదరదు.

5. చిన్న ఉద్యోగం

బీపీఓ, షోరూమ్, ఆసుపత్రి ఫ్రంట్ డెస్క్. ఇంట్లో ఆదాయం అవసరమైతే ఇది ఎంపిక కాదు, అవసరం. రెజ్యూమేకు దీనివల్ల కలిగే లాభం సమయానికి రావడం, జనంతో మాట్లాడటం, షిఫ్టులు నడపడం రుజువు కావడం. పీఎఫ్ ఉన్న చోటైతే రికార్డు దానంతటదే తయారవుతుంది. నష్టం, చదివిన సబ్జెక్టుకు రోజురోజుకూ దూరం కావడం. ఏడాదిన్నర దాటితే మెకానికల్ ఇంజినీరును ‘కస్టమర్ సపోర్ట్ అభ్యర్థి’గానే చూస్తారు.

మన దగ్గర ఒక చిన్న లాభం ఉంది. కొరాపుట్, రాయగడ వైపు నుంచి వైద్యానికి, కొనుగోళ్లకు విశాఖ వచ్చేవాళ్లు ఎక్కువ. ఒడియా మాట్లాడగలిగితే దాన్ని పేజీ అడుగున భాషల జాబితాలో పాతిపెట్టకండి, ఫ్రంట్ డెస్క్, సేల్స్ పోస్టులకు పై మూడు లైన్లలో రాయండి.

దొంగ అనుభవం

మొదట్లో చెప్పిన ఆరో దారి ఇదే. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్‌లు కలిపి ఇస్తామనే కన్సల్టెన్సీలున్నాయి. పీఎఫ్ పరిధిలోని కంపెనీలో ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో యూఏఎన్ (పీఎఫ్‌లో ఒక్కొక్కరికి ఇచ్చే శాశ్వత నంబరు) సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు దాన్ని, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను అడుగుతారు. చేరిన నాలుగు నెలలకు బయటపడి తీసేస్తే, ఆ నాలుగు నెలలనూ ఎలా చూపాలన్న కొత్త చిక్కు. కన్సల్టెన్సీకి కట్టిన డబ్బుకన్నా ఇలా పోయేదే ఎక్కువ.

| దారి | కాలం | డబ్బు | రుజువు | పెద్ద లోపం |
|---|---|---|---|---|
| ఉన్నదాన్ని తిరగరాయడం | 2 రోజులు | సున్నా | లాగ్‌బుక్, రిపోర్టు | నిజంగా చేసి ఉండాలి |
| ఇంటర్న్‌షిప్ | 6–8 వారాలు | రానుపోను ఖర్చు, కొన్నిచోట్ల స్టైపెండ్ | పైఅధికారి మాట, లెటర్ | నకిలీలు ఎక్కువ |
| ఎన్‌పీటీఈఎల్ | 4–12 వారాలు | పరీక్ష ఫీజు | మార్కులతో సర్టిఫికెట్ | సెమిస్టర్‌కు ఒకసారే |
| కోచింగ్ కోర్సు | 1–4 నెలలు | వేలల్లో | మీరు చేసి చూపే పని | కాగితానికి విలువ తక్కువ |
| అప్రెంటిస్‌షిప్ | ఏడాది | స్టైపెండ్ వస్తుంది | ప్రభుత్వ సర్టిఫికెట్ | ఉద్యోగ హామీ లేదు |
| చిన్న ఉద్యోగం | 6 నెలలు, ఆపైన | జీతం | పీఎఫ్, రిలీవింగ్ లెటర్ | సబ్జెక్టుకు దూరం |

పేజీ అమరిక: పోర్టల్‌కు ఒకటి, వాక్-ఇన్‌కు ఒకటి

తేదీల వరుసలో రాసే పాత పద్ధతి అనుభవం ఉన్నవాళ్లకు బాగుంటుంది. నైపుణ్యాలు మాత్రమే రాసి తేదీలు మింగేస్తే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. ఫ్రెషర్‌కు మధ్యస్థం మేలు: రెండు లైన్ల పరిచయం, పోస్టుకు సరిపడే నైపుణ్యాలు, ఆ తర్వాత తేదీలతో ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్, చివర చదువు. ఒకే పేజీ. ఫైనల్ ఇయర్లో 8 సీజీపీఏ దాటినవాళ్లు మాత్రం చదువును పైకి తేవచ్చు. శాతం అడిగితే మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రంతోనే మార్చండి, పదితో గుణించి వేయకండి.

ఆన్‌లైన్లో పంపేదైతే క్యాన్వాలో చేసిన రెండు కాలమ్‌ల డిజైన్ వదిలేయండి. కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని అక్షరాలుగా విడదీసేటప్పుడు ఎడమ లైనూ కుడి లైనూ కలిసిపోతాయి. ఎక్సెల్‌కు నాలుగు నక్షత్రాలు పెడితే దానికేమీ అర్థం కాదు. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కొన్ని సాఫ్ట్‌వేర్లకు కనపడనే కనపడదు. ఇంట్లోనే పరీక్షించవచ్చు: పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరుస తప్పితే అమరిక మార్చాలి. అసలేమీ పేస్ట్ కాకపోతే అది ఫొటో పీడీఎఫ్. జెరాక్స్ షాపులో ప్రింటు తీసి ఫోన్‌తో స్కాన్ చేసి పంపేవాళ్లకు ఎదురయ్యేది ఇదే.

వాక్-ఇన్‌లో చదివేది మనిషి. అక్కడ చదువు వివరాలు చిన్న పట్టికలో ఉన్నా ఫర్వాలేదు, 11 సైజు అక్షరాలు, మంచి కాగితం, మూడు కాపీలు చాలు. డోర్ నంబరుతో చిరునామా అక్కర్లేదు, ఏరియా పేరు మాత్రం రాయండి. పరవాడ, అచ్యుతాపురం కంపెనీలకు ‘గాజువాక, షిఫ్టులకు సిద్ధం’ అన్న మాట పనికొస్తుంది, ఎందుకంటే మధురవాడ నుంచి రోజూ అంత దూరం వచ్చే మనిషి ఎన్నాళ్లుంటాడన్న లెక్క వాళ్లు వేసుకుంటారు.

ఎవరికి ఏది

బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లు కొత్తగా ఏమీ కొనకముందు ల్యాబ్ పనిని తిరగరాసి వాక్-ఇన్‌లకు వెళ్లండి. నాలుగైదు చోట్ల ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారనిపిస్తే అప్పుడు ఆ అంశం మీద కోర్సు. బీకాం వాళ్లకు ఆడిటర్ ఆఫీసు ముందు, టాలీ కోర్సు తర్వాత. ఆఫీసులో టాలీ ఎలాగూ వస్తుంది, కోర్సులో ఆఫీసు రాదు. కంప్యూటర్స్ వాళ్లకు నడిచే ప్రాజెక్టు ఒకటి, ఎన్‌పీటీఈఎల్ ఒకటి చాలు. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ వాళ్లు పాసైన ఏడాదే ఎన్ఏటీఎస్‌లో నమోదు చేసుకుని, నోటిఫికేషన్ వచ్చేలోగా ఇంటర్న్‌షిప్ చూసుకోవాలి. ఐటీఐ ఫిట్టర్ రెజ్యూమేలో వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్ అని రాస్తే 0.02, 0.01 మిల్లీమీటర్ల లీస్ట్ కౌంట్ (వాటితో కొలవగల అతి చిన్న కొలత) నోటికి రావాలి. అది వస్తే అప్రెంటిస్‌షిప్ దొరికేదాకా ఆటోనగర్‌లోనే ఏదో ఒక షాపులో చేయి ఆడించుకోవచ్చు.

గ్రూప్స్, బ్యాంకు, రైల్వే పరీక్షలకు రెండు మూడేళ్లు కూర్చున్నవాళ్ల సమస్య కొంచెం వేరు. ఆ కాలాన్ని ఖాళీగా వదలకండి. ‘2023–2025: బ్యాంకు పరీక్షల ప్రిపరేషన్’ అని ఒక్క లైను రాయండి, ప్రిలిమ్స్ దాటి ఉంటే అదీ రాయండి. విశాఖ హెచ్‌ఆర్‌లకు ఇది కొత్త కాదు. వాళ్లకు అనుమానమల్లా మళ్లీ నోటిఫికేషన్ పడగానే మానేస్తారేమోనని. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు ముందే సిద్ధం చేసుకోండి. రెజ్యూమేలో మాత్రం గత మూడు నెలల్లో చేసిన పని ఒక్కటైనా, తేదీతో సహా, ప్రిపరేషన్ లైనుకు పైన కనిపించాలి. పాసైన సంవత్సరం దాటిపోయి అప్రెంటిస్‌షిప్ తలుపు మూసుకుంటే, వీళ్లకు ఆరు వారాల ఇంటర్న్‌షిప్ లేదా చిన్న ఉద్యోగమే దగ్గరి దారి. ఉద్యోగమైతే కనీసం ఆరు నెలలు ఉండాలి, రెండు నెలలకే మానేస్తే రాయడానికీ ఇబ్బందే, వదిలేయడానికీ ఇబ్బందే.